వంటావార్పు పొయ్యి పక్కన మా స్ఫటికాలు

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో, గచ్చిబౌలిలోని మా ప్రయోగశాలలో ఒక బూజు నుంచి తీసిన ఎంజైమ్‌ను స్ఫటికాలుగా పెంచుతున్నాం. అది చొప్పలోని పీచును చక్కెరగా విడగొడుతుంది. దాని ఆకారం తెలియాలంటే స్ఫటికానికి ఎక్స్‌రే తీయాలి. నా విద్యార్థిని కరీంనగర్ పిల్ల. ఆమె పీహెచ్‌డీ అంతా ఒక్క పళ్లెంలోని ద్రావణం చుక్కల్లో పెరిగిన, ఉప్పురవ్వంత స్ఫటికాల మీదే ఆధారపడి ఉంది.

ఎక్స్‌రే యంత్రం బాలానగర్ అవతల మరో సంస్థలో ఉంది. మా వంతు బంద్ రోజున పడింది. వాయిదా వేద్దామన్నాను.

"మళ్ల వంతు ఎప్పుడొస్తదో మేడమ్," అంది.

పళ్లెం మీద తేదీ రాసి, స్టీలు డబ్బాలో చల్లగా సర్ది, నా కారులో బయల్దేరాం. దారిలో ఉద్యమకారులు రోడ్డు మధ్యనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. కారు ఆపేశారు.

"తినకుంట పోతరా? దిగుండ్రి," అంది గరిటె పట్టుకున్న పెద్దావిడ. "డబ్బాల ఏమున్నది బిడ్డా?"

"గడ్డిని చక్కెర చేసే మందు పెద్దమ్మా. ఎంత వేడికైనా చెడదు," అంది మా పిల్ల గర్వంగా.

"గట్లనా! ఇగ చాయ్‌ల చక్కెర ఫికర్ లేదు."

డబ్బా నేల మీద పెట్టి, చేతులు కడుక్కొని వచ్చేసరికి అది అక్కడ లేదు.

"మా డబ్బా ఏదండీ?" అన్నాను.

"అండీ గిండీ అనకు, ముందుగాల తిను. కాళ్లల్ల పడ్తదని పొయ్యి పక్కన పెట్టిన. వేడికి చెడదంటిరి గదా!"

ఎంజైమ్ చెడదు, నిజమే. స్ఫటికం మాత్రం కరిగిపోతుంది. భూతద్దం పెట్టి చూశాం. చుక్కలన్నీ ఖాళీగా, తేటగా ఉన్నాయి. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమైంది బిడ్డా?"

"ఏం కాలే పెద్దమ్మా. పొగ," అని విస్తరి ముందు కూర్చుంది.

వెనక్కి వచ్చాక పళ్లెం పారేయబోతుంటే చేయి పట్టుకున్నాను. "కరగడం వేరు, చెడడం వేరు. వేడికి చెడదని నువ్వన్న మాట నువ్వే నమ్మకపోతే ఎలా?"

మెల్లగా చల్లబరిచాం. కొన్ని వారాలకు చుక్కల్లో మళ్లీ మెరుపు కనిపించింది. ఈసారి స్ఫటికాలు తక్కువే, కానీ మునుపటికన్నా పెద్దవి. తర్వాతి వంతులో, ఎంజైమ్ ఆకారం తేలేంత స్పష్టంగా, ఎక్స్‌రే తెర అంచు దాకా మచ్చలు పడ్డాయి.

"పెద్దమ్మ కలిస్తే చెప్పాలె మేడమ్," అంది కళ్లు తుడుచుకుంటూ.

"ఏమని?"

"పొయ్యి పక్కన మంచిగనే మగ్గిందని."