గలగలమన్న మిరపకాయ

నిన్న దుకాణంలో ఎండుమిరపకాయల పొట్లం తీసుకుని, అలవాటుగా చెవి దగ్గర ఊపాను. బిల్లు వేసే అమ్మాయి వింతగా చూసింది. గుంటూరులో పెరిగిన నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు కదా, బాగా ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి.

పంతొమ్మిది వందల అరవైల్లో మా నాన్నగారిది మిర్చి కొట్టు. వ్యాపారంలో ఎవరి తప్పునైనా ఆయన కథగానే చెప్పేవారు. ఒకరోజు పక్క ఊరి రైతు మస్తాన్ బాబాయ్ తెచ్చిన బస్తాలోంచి కాయ తీసి ఊపారు. చప్పుడు లేదు. తూకం పెరగాలని నీళ్ళు చల్లాడని కొట్లో అందరికీ అర్థమైంది. బాబాయ్ తల దించుకున్నాడు.

"ఒక గొర్రె ఉండేది మస్తానూ," అన్నారు నాన్న. "బొచ్చు ఎక్కువ తూగాలని వాగులో మునిగింది. ఆ తడి బరువుతో ఒడ్డెక్కలేకపోయింది."

ఎవరో కిసుక్కుమన్నారు.

"పోయిందా అండీ అది?" అన్నాడు బాబాయ్ మెల్లగా.

కాన్వెంటు బడిలో పేరు పిలిచినా పలకలేని నేను, కొట్టు మూల కూర్చుని చదువుతున్న పుస్తకం మూసేసి అన్నాను. "లేదు బాబాయ్. ఎండలో ఆరి మళ్ళీ వచ్చింది."

నాన్న చేతిలోని కాయ మళ్ళీ బస్తాలో వేశారు. "మా అమ్మాయి చెప్పిందే నిజం. పెరట్లో ఎండ బాగుంది, కాయలు పరుచుకో మస్తానూ."

మూడో రోజు బాబాయ్ ఒక కాయ తెచ్చి నా చెవి దగ్గర ఊపాడు.

"గొర్రె వచ్చిందమ్మా," అన్నాడు.