మామయ్య పట్టిన కుందేలు

మామయ్యకు బదులు అనే మాట గిట్టదు. ఒక వస్తువు పోతే అదే వస్తువు తిరిగి రావాలి, లేదంటే ఆ చోటు ఖాళీగా పడి ఉండాలి. మధ్యేమార్గం అనేది చేతకానివాళ్లు కనిపెట్టిన సంగతని ఆయన నమ్మకం. చొక్కాకు పొట్ట దగ్గర గుండీ ఊడిపోతే, సరిగ్గా ఆ రంగుది దొరకలేదని, అక్కడ కిటికీలా తెరుచుకున్న చొక్కాతోనే బంధువుల పెళ్లికి వెళ్లాడు. పాపమని ఎవరో పిన్నీసు ఇవ్వబోతే, "పిన్నీసు గుండీ అవుతుందా?" అని ఆ మనిషిని కింది నుంచి పైదాకా చూశాడు. "అసలు" అనే మాట లేకుండా ఆయన నోటి నుంచి వాక్యం బయల్దేరదు కాబట్టి, బంధువులతో పాటు బంధుత్వం లేనివాళ్లు కూడా ఆయన్ను అసలు మామయ్య అనేవారు. రేడియోలు బాగుచేసే మనిషికి ఇలాంటి బుద్ధి ఉంటే గిరాకీ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ఓసారి అత్తయ్య గిన్నె మూత కనబడక పళ్లెం బోర్లించింది. పళ్లెం కింద ఉడికింది అసలు కూరే కాదని మామయ్య కంచం ముందు నుంచి లేచాడు. అత్తయ్య మాట తూలే మనిషి కాదు. ఆ కూర పొరుగింటికి పంపేసి, మూత దొరికాక పిలుస్తానంది. మూత సాయంత్రానికి మంచం కింద దొరికింది. ఈలోపు మామయ్య గాలి పీల్చుకునే నెపంతో పొరుగింటి గుమ్మం దాకా చాలాసార్లు వెళ్లి వచ్చాడు.

ఎప్పుడూ చూసే డాక్టరు సెలవు పెట్టి, ఆ కుర్చీలో ఇంకొకాయన కూర్చుంటే, అసలు డాక్టరు వచ్చేదాకా జ్వరాన్ని అట్టేపెట్టుకున్నాడు. ఆయన వచ్చేసరికి జ్వరం పోయింది. అందుకు కూడా ఆ రెండో డాక్టరునే తప్పుపట్టాడు. పొరుగావిడ ఒక గ్లాసు పంచదార చేబదులు అడిగితే, చివరి సగం మాట చెవినబడగానే తలుపేసుకున్నాడు. అప్పుకూ, జవాబుకూ, ఒకదాని చోట మరొకటి పెట్టడానికీ ఒకే మాట వాడే భాష అసలు బాగుపడదని ఆ పూటంతా విసుక్కున్నాడు. పిలిస్తే ఆయన బదులు పలకకపోవడానికి చెవుడు కారణం కాదని ఆయన మేనకోడలికి అప్పుడే అర్థమైంది.

ఈ మేనకోడలు రేవులో రేడియో గది ఉద్యోగి. రోజూ మధ్యాహ్నం వాతావరణం కాగితం చూసి, గాలి ఎటునుంచి వీస్తోందో, అల ఎంత లేస్తోందో, పడవలు సముద్రంలోకి వెళ్లొచ్చో లేదో మైకులో చదివేది. ఆ పని మీద ఆమెకు ప్రాణం. నీళ్ల మీద ఉన్న ఎవరెవరో తన గొంతు విని పడవ మళ్లిస్తారన్న ఊహే ఆమెకు సగం జీతం. ఆమె మాటను గాలిలోకి పంపే ట్రాన్స్‌మిటర్ మాత్రం ఆమెకంటే వయసులో పెద్దది. ఒక మధ్యాహ్నం "ఉత్తరపు గాలి" అంటుండగా అది కమురు కంపు కొట్టి మూగబోయింది.

రేవు అధికారికి కావలసింది అదే. రికార్డు చేసిన గొంతుతో మాట్లాడే యంత్రం ఒకటి ఆయన మనసులో చాలాకాలంగా తిష్ఠ వేసుకుని ఉంది. దానికి సెలవులక్కర్లేదు, జలుబు చేయదు. పాతది బాగయ్యేదాకా ఆగుతానన్నాడు గానీ, వాతావరణం అందలేదని పడవలవాళ్ల నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా గది మూసేసి యంత్రం తెప్పిస్తానన్నాడు. ఆ మూగబోయిన పెట్టెను రిక్షాలో ఒళ్లో పెట్టుకుని మేనకోడలు నేరుగా మామయ్య షాపుకు వచ్చింది. ఊళ్లో అలాంటి పాత సెట్లు తెలిసినవాడు ఆయనొక్కడే కావడం ఆమె దురదృష్టం.

మామయ్య మూత విప్పి, ముక్కు లోపల పెట్టి వాసన చూశాడు. పోయింది అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్. లోపల ఎన్ని ముక్కలున్నా, మాటను బలంగా బయటికి తోసేది అదొక్కటే. దాని తయారీ ఎప్పుడో ఆపేశారు. విడిభాగాల షాపాయన నవ్వి, ఇప్పుడందరూ దాని చోట వేరేది వేస్తున్నారని ఒకటి చేతిలో పెట్టి పంపాడు. మామయ్య దాన్ని చిమటా కొసతో పట్టుకుని, చచ్చిన బొద్దింకను చూసినట్టు చూసి, సొరుగులో పడేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం. ట్రాన్సిస్టర్‌కు నిజంగానే మూడు కాళ్లుండటంతో ఈసారి ఆయన్ను కాదనడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు.

"మామయ్యా, నా ఉద్యోగం పోతుంది," అంది మేనకోడలు.

"పోతే పోనీ. నీకు ఇంకో ఉద్యోగం మాత్రం చూడను. అసలుది ఉండగా నాకేం పట్టింది?"

ఇది ఓదార్పో ఎకసెక్కమో ఆమెకు తెలియలేదు. అత్తయ్యను అడిగితే, మీ మామయ్యతో ఇన్నేళ్లు కాపురం చేశాను గానీ ఆ తేడా నాకూ తెలియదంది.

ఇక మేనకోడలు అసలు ముక్క కోసం బయల్దేరింది. పాత సామాను కొట్లు, మూతపడిన వర్క్‌షాపులు, తుప్పు తూకానికి కొనేవాళ్ల పాకలు, దేన్నీ వదల్లేదు. మధ్యాహ్నాలన్నీ దానికే పోయేవి. తిరిగి వచ్చేటప్పుడు రేవు ఆఫీసులోకి తొంగిచూసేది. ఫిర్యాదు ఏమీ రాలేదని అధికారి మొహం ముడుచుకుని చెప్పేవాడు. మొదట్లో ఆమె గుండె కుదుటపడింది. వారం దాటాక అదే మాట ముల్లులా గుచ్చుకోసాగింది. ఇన్నాళ్లు తన గొంతు లేకపోతే ఒక్కరైనా ఏమైందని అడగలేదు. గాలీ, అలలూ వాళ్లకు తెలిసినవే కాబోలు, తాను అద్దాల గదిలో కూర్చుని గోడకు చదివిందేమో. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా ఈ అనుమానమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

మామయ్యకు ఇవేమీ పట్టలేదు. ఆయన రోజూ భోజనం కాగానే షాపు మూసి ఎటో పోయేవాడు, గొంతు బొంగురుపోయి వచ్చేవాడు. అత్తయ్య ఉప్పునీళ్లు పుక్కిలించమని ఇస్తే, విడిభాగాల షాపాయనతో వాదించి వచ్చానని చెప్పేవాడు. గోడతోనైనా గొంతు పోయేదాకా వాదించగల మనిషి కాబట్టి ఎవరూ అనుమానించలేదు. తన బతుకు నడిరోడ్డున పడుతుంటే ఈయనకు వాదనలు కావలసివచ్చాయని మేనకోడలు పళ్లు నూరుకుంది.

చివరికి ఒక పాత సామాను కొట్లో ఆమెకు అసలుది దొరికింది. మిలమిలా మెరుస్తోంది, వీపు మీద నంబరు అక్షరం పొల్లుపోకుండా ఉంది. మామయ్య కళ్లజోడు తుడుచుకుని, దాన్ని అరచేతిలో పెట్టుకుని, పురిట్లోని బిడ్డను చూసినట్టు మురిసిపోయాడు. అంతటితో ఆగితే ఆయన మామయ్య ఎందుకవుతాడు? మేనకోడలి సంచిలోంచి గోళ్ల రంగు తుడిచే సీసా తీయించి, దూదితో దాని వీపు రుద్దాడు. నంబరు దూదికి అంటుకుని వచ్చేసింది. కింద వేరే నంబరు గీకేసిన ఆనవాళ్లు కనబడ్డాయి. ఎందుకూ పనికిరాని చవకబారు ముక్కకు పాత పేరు అచ్చువేసి ఎవడో అమ్మేశాడు.

మేనకోడలు స్టూలు మీద కూలబడింది. మామయ్య సొరుగు లాగి, తాను పారేసిన ముక్కను బయటికి తీసి, దాని వీపు కూడా అదే దూదితో రుద్దాడు. ఎంత రుద్దినా దాని నంబరు చెక్కు చెదరలేదు.

"అది అసలుదాన్నేనని అబద్ధం చెప్పింది. ఇది నేను వేరే అని మొహం మీదే రాసుకు తిరుగుతోంది," అన్నాడు బొంగురు గొంతుతో. "దీనికే కాస్త సిగ్గూశరం ఉన్నట్టుంది."

మనసు మార్చుకున్నాడనుకుంటే పొరపాటు. కనికరించాడు, అంతే. తీరా బిగించబోతే కాళ్ల వరస తేడా వచ్చింది. పాతదానికి మధ్య కాలు నుంచి శక్తి బయటికి పోయేది, దీనికి మధ్య కాలే ఎర్తుకు కలవాలి. పాతది అభ్రకం రేకు మీద కూర్చునేది, దీని వీపు నేరుగా లోహానికి ఆనాలి. దాన్ని మేల్కొలిపే వోల్టేజీ కూడా దీనికి చాలదు. వరస కుదరని సంబంధం కలుపుతున్నానని, రేపు కాపురం చెడితే తనను అనొద్దని మామయ్య గొణుగుతూనే ఉన్నాడు. గొణుగుతూనే కాళ్లకు సన్నని గొట్టాలు తొడిగి, ఒకదానికొకటి తగలకుండా వంచాడు. వోల్టేజీ మరను జుట్టు వాసి చొప్పున తిప్పాడు. పరీక్షకు ఏరియల్ తగిలించే చోట ఒక చిన్న బల్బు తగిలించి మైకు అందించాడు. మేనకోడలు నోరు తెరిచి గాలి, అల అంటుంటే బల్బు ఆమె మాటతో పాటు వెలుగుతూ తగ్గుతూ వచ్చింది.

"ఏరియల్ చోట బల్బు పెట్టావు మామయ్యా," అంది ఆమె. "మరి ఇదేమవుతుంది?"

మామయ్య స్క్రూడ్రైవర్ కింద పడేసి, దాన్ని వెతకడానికి బల్ల కింద దూరాడు. చాలాసేపటిదాకా పైకి రాలేదు.

మర్నాడు మామయ్యే వచ్చి పెట్టెను రేడియో గదిలో బిగించాడు. అధికారి చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు, ఇది పలకదని ఆయన మొహమే చెబుతోంది. మేనకోడలు మైకు మీట నొక్కి, ఎవరైనా వింటున్నారా అని అడిగింది. గుర్రుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తాను అనుకున్నదే నిజమని ఆమె కళ్లు దించుకుంది. అప్పుడు పడవ నడిపే ఒక ముసలి సరంగు గొంతు వినిపించింది.

"అమ్మాయ్, నువ్వేనా? బతికించావు తల్లీ. ఇంక మీ మామయ్యను రేవుకు పంపకు."

ఆమెకు అర్థం కాలేదు. సరంగు చెప్పుకుపోయాడు. పెట్టె మూగబోయిన మర్నాటి నుంచి మామయ్య రోజూ మధ్యాహ్నం ఆఫీసు తలుపుకు అంటించిన వాతావరణం కాగితం చూసుకుని, రేవు మెట్ల మీద నిలబడి, అలల హోరులో అందరికీ వినబడేలా అరిచి చెప్పేవాడట. గాలి గురించి రెండు ముక్కలు, వినేవాళ్ల తెలివితక్కువతనం గురించి పది. ఒడ్డున విన్నవాళ్లు లోపలున్న పడవలకు తమ సెట్లలో అందించేవారు.

"ఎవడైనా ఫిర్యాదని ఆఫీసు మెట్లెక్కితే వాడి పడవ రేడియో ఈ జన్మలో ముట్టనన్నాడు," అంది ఇంకో గొంతు. "ఆయనే నీ చోటుకు వచ్చాడా అని అడిగాం. ఆ అమ్మాయి చోటుకు ఎవడూ రాడు, నేను కాగితం మోసేవాణ్ణి, నోర్మూసుకుని వినండని తిట్టాడు."

అధికారి చేతులు విప్పుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయాడు. మేనకోడలి మనసు నిండిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూస్తే, మామయ్య ఏ లోపమూ లేని ఒక తీగను మహా శ్రద్ధగా సరిచేస్తున్నాడు.

"వాళ్లకు అసలు వినడం రాదు," అన్నాడు తలెత్తకుండా. ఇన్నాళ్లు అరిచిన గొంతు ఆ మాటతో పూర్తిగా పోయింది.

సరంగులకు మాత్రం తిట్లు అలవాటైపోయాయట. ఆయన వెళ్లిపోయేముందు ఒక్కసారి మాట్లాడించమని బతిమాలారు. మామయ్య మైకు లాక్కుని నోరు తెరిచాడు గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు మేనకోడలు ఆయన పెదవులు చదువుతూ, ఒక్క తిట్టూ పొల్లుపోకుండా, వాతావరణం చదివే గొంతుతోనే పడవలన్నిటికీ చదివి వినిపించింది.