వాన మరచిన పట్నంలో చెమ్మ మరక

నలభై ఏళ్ళు గోడల్ని నునుపు చేసిన చేతులు ఆయనవి. ఆయన లప్పం పెట్టి రుద్దిన గోడ మీద చీమ కూడా జారి పడుతుందని తోటివాళ్ళు హాస్యమాడేవారు. ఆ హాస్యమే పేరైపోయి, అసలు పేరు ఇంట్లో కాగితాలకు మాత్రమే మిగిలింది. అందరికీ ఆయన నునుపు మేస్త్రి. అరవై దాటాక మోకాళ్ళు మొండికేసి పరంజా ఎక్కనివ్వలేదు. నేల మీద నిలబడి చేసుకునే రంగుల పని ఒకటి ఉందని, నీళ్ళ గొట్టాలు బిగించే బావమరిది కబురు తెచ్చినప్పుడు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఏం పనో అడగలేదు. అక్కడే పప్పులో కాలేశాడు.

ఆ పని కొత్త గోడల్ని పాడుచేయడం.

ఊరి చివర వినోద పార్కులో ఒక భాగాన్ని ఏడు సంపుటాల కథలోని ఊరిలాగా కడుతున్నారు. పిల్లలూ పెద్దలూ ఎగబడి చదివిన ఆ కథలో ఆ ఊరు వాన మరచిన పట్నం. అక్కడ చినుకు రాలి నూరేళ్ళయింది. టికెట్టు కొని లోపలికొచ్చినవాళ్ళకు తాము పుస్తకంలోకి నడిచొచ్చామనిపించాలట. ఇనుప చట్రానికి తీగల వల బిగించి, దాని మీద సిమెంటు మెత్తి నిన్నగాక మొన్న నిలబెట్టిన ఇళ్ళు అవి. తీగబ్రష్షుతో గీకి, పల్చటి రంగు స్పాంజితో అద్ది, పొగ చారలూ చేతి జిడ్డూ పెట్టి, వాటికి నూరేళ్ళ వయసు తేవాలి. మొదటి వారంలో ఒక గోడ మీద పగులు కనబడితే చేతులు ఊరుకోక లప్పంతో పూడ్చేశాడు. అది ఇంకొకరు రెండు రోజులు కూర్చుని చెక్కిన పగులట. పదిమందిలో తల కొట్టేసినట్టయింది.

అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూడటానికి ఒక అమ్మాయి ఉండేది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఏడు సంపుటాలూ సంచిలో మోసుకుని తిరిగేది. పనివాళ్ళు ఆమెను చాటుగా కథమ్మ అనేవారు. పార్కు తెరిచాక గోడలు చూసుకోవడానికి ఒక్క మేస్త్రినే ఉంచుతారని, ఆ ఒక్కరు ఎవరో చెప్పేది కథమ్మేనని అందరికీ తెలుసు. ఆ ఒక్కడు తానే కావాలని నునుపు మేస్త్రి లోలోపల కోరుకున్నాడు. తన మోకాళ్ళను ఇంత మర్యాదగా చూసే పని మరెక్కడా దొరకదు.

తెరవడానికి మూడు వారాలుందనగా, కథలోని మంత్రసాని ఇంటి ముందు కథమ్మ ఆగింది.

"ఇదేంటి మేస్త్రిగారూ, ఇక్కడ చెమ్మ మరక వేశారు? వానే లేని ఊళ్ళో చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

మోకాలెత్తున, కూర్చునే పీటంత మరక. దాని అంచున తెల్లగా ఉప్పు పూసినట్టు సన్నటి గీత. ఆయనకు అది వేసిన గుర్తు లేదు. అలాగని వెయ్యలేదని గట్టిగా అనడానికీ నోరు రాలేదు. ఆ నెలలో వేసిన మరకలు వంద దాటాయి. వాటిలో దేన్ని గుర్తుపెట్టుకున్నాడు గనక? సరేనమ్మా అని దాని మీద ఎండిన మట్టి రంగు వేశాడు. మూడో రోజుకు మరక మళ్ళీ వచ్చి కూర్చుంది.

ఈసారి కథమ్మ నోటుపుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. దానికే ఆయనకు ఎక్కువ భయమేసింది.

ఆ గోడ వెనకే సందర్శకుల కోసం పెట్టిన మంచినీళ్ళ కుళాయి ఉంది. దాని గొట్టం బిగించింది బావమరిదే. వెళ్ళి అడిగితే అతను రెంచి కింద పెట్టకుండానే నవ్వాడు.

"నేను బిగించిన జాయింటు కారడమా! అక్క కళ్ళజోడు ఎక్కడ పెట్టావో గుర్తుండదు నీకు. మరక వేసి మరిచిపోయి ఉంటావు బావా."

పరాచికానికే అన్నాడు. కానీ ఆ మాట చెవిలో దూరిన చీమలా ఆయన్ని నిలవనివ్వలేదు. నిజంగానే మరిచిపోతున్నాడా? రెండుసార్లు వేసి రెండుసార్లూ మరిచిపోయాడా? గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగానే ఉంది. పొద్దున్న పూట అన్ని గోడలూ చల్లగానే ఉన్నాయి. పైన నీళ్ళు దిగని పూత వేసి ఉండటంతో చేతికి తడి తగల్లేదు. మామూలు ఇంట్లో అయితే దూరం నుంచే ఇది చెమ్మ అని చెప్పేసేవాడు. ఇక్కడ రాయి రాయి కాదు, చెక్క చెక్క కాదు. చెమ్మ ఒక్కటే నిజమని ఏ ధైర్యంతో అంటాడు?

ఇంట్లో ఇదంతా చెబితే భార్య చేతిలో పుస్తకం మూసింది. ఆయన పనికి సాయంగా ఉంటుందని మొదలుపెట్టి, ఆవిడ మూడో సంపుటంలోకి వచ్చేసింది. ఆ ఊరివాళ్ళ సంగతులు పక్కవాటా వాళ్ళవి చెప్పినట్టు చెప్పేది.

"మంత్రసాని గోడా? ఆవిడ గోడలో నీళ్ళ కూజా దాచుకుందిగా, ఎవరికీ తెలీకుండా."

"ఏ మంత్రసాని? పార్కులోదా, పుస్తకంలోదా?"

"రెండూ ఒకటే కదండీ. అందుకేగా మిమ్మల్ని పెట్టుకున్నది."

మర్నాడు ఆయన నసుగుతూ కూజా సంగతి ఎత్తగానే కథమ్మ అక్కడే సంచి దించి, మూడో సంపుటం తీసి, పేజీలు తిప్పింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఇన్నిసార్లు చదివాను, ఇది నాకే తట్టలేదు. కూజా ఉన్నచోట గోడ చెమ్మెక్కుతుంది కదా! మీరు చదివి వేశారన్నమాట. ఈ మరక ముట్టుకోకండి. పార్కు తెరిచాక మీరే ఉండాలి మేస్త్రిగారూ."

అవునంటే సరిపోయేది. ఆయన తలూపాడో, ఊపలేదో ఆయనకే తెలియదు. ఆమె వెళ్ళాక చాలాసేపు ఆ గోడ ముందే నిలబడిపోయాడు. కోరుకున్నది ఒళ్ళో వచ్చి పడింది. కానీ అది తన పనేనా? తనదైతే మతిమరుపు నిజం. కాకపోతే ఈ మెప్పు ఎవరిది? ఆలోచన ముందుకీ వెనక్కీ తిరిగి తిరిగి ఉన్నచోటే ఆగింది. చివరికి చిన్నప్పుడు పని నేర్పిన గురువు చేసిన పని గుర్తొచ్చి, వంగి, అంచున పూత పొర లేచినచోట ఉన్న తెల్లటి గీతను వేలితో గీకి, నాలిక మీద పెట్టుకున్నాడు.

ఉప్పగా ఉంది.

రంగుకు ఉప్పదనం ఉండదు; సిమెంటులోంచి ఊరిన నీరే ఉప్పును బయటికి తెస్తుంది. మతి తప్పలేదని తెలిసిన సంతోషంలో ఒక నవ్వు వచ్చింది. వెంటనే రెండో సంగతి తట్టి ఆ నవ్వు ఆగిపోయింది. లోపల వల తుప్పు పడుతుంది. ఏదో ఒకరోజు పెళ్ళ విరిగి ఎవరి నెత్తి మీదో పడుతుంది.

కథమ్మను వెతికి పట్టుకున్నాడు. "అమ్మా, అది నేను వెయ్యలేదు. నిజం చెమ్మే."

"నిజంలాగే ఉంది మేస్త్రిగారూ, అదే కదా గొప్ప," అంది ఆమె.

ఇంకా రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ ఆమె మెచ్చుకుంది. ఇక లాభం లేదని ఆమెను గోడ దగ్గరికి రమ్మని, ఉలి పెట్టి మరక మధ్యలో నాలుగు దెబ్బలు కొట్టాడు. పెళ్ళ ఊడింది. లోపల ఎర్రబడిన వల, దాని వెనక గొట్టం, గొట్టం అతుకు దగ్గర వేలాడుతున్న నీటిబొట్టు. ఆమె ఆ బొట్టునూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. రెంటిలో దేన్ని తప్పుబట్టాలో తేలినట్టు లేదు.

బావమరిది వచ్చి జాయింటు మార్చాడు. నాలుగు రోజులు బావ ముఖం చూడలేదు. అయిదో రోజు, "అక్క కళ్ళజోడు దొరికిందా?" అని తనే మాట కలిపాడు.

ఊడినచోట పూడ్చిన గోడ ఎండాక కథమ్మ ఫొటో పట్టుకొచ్చింది. పాత మరక ఎలా ఉందో అలాగే మళ్ళీ వెయ్యమంది. జీవితమంతా చెమ్మను ఆరబెట్టిన మనిషి పొడి గోడకు చెమ్మ పట్టించడానికి కూర్చున్నాడు. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ, మునుపటిలా నిజంగా లేదంది. నాలుగోదానికి ఊఁ అంది. ఆయన్నే ఉంచారు.

ఇప్పుడు పార్కుకు జనం వస్తున్నారు. ఒక ముసలాయన ఆ గోడ ముందు ఆగి, చెమ్మ పట్టినా పట్టించుకునే దిక్కు లేదని భార్యతో విసుక్కున్నాడు. పక్కనే ఉన్న మేస్త్రి అది విని, చేతిలో బ్రష్షు వెనక్కి దాచుకున్నాడు.

రోజూ పొద్దున్నే, గేట్లు తెరవకముందు, ఆయన అక్కడ వంగి మరక అంచున వేలు రాసి నాలిక మీద పెట్టుకుంటాడు. రంగు చేదే గానీ ఇంతవరకూ ఉప్పు తగల్లేదు. తగలనందుకు స్థిమితంగానే ఉంటుంది. తన మరక ఇంకా కుదరలేదేమోనన్న అనుమానమూ ఉంటుంది. రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేక, వేలు తుండుగుడ్డకు తుడుచుకుని పక్క ఇంటి పగుళ్ళు చూడటానికి పోతాడు.