ప్లేటు కడిగే చేతి బరువు

సోమవారం పొద్దున ఏడింటికి జూనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసి, మా ల్యాబ్ సార్ పోయారని చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ రోజు పదింటికి నేను మూడో ప్లేటు కడగాలి. ఆయన పక్కన నిలబడి చూడాలి. ఆ షరతు పెట్టింది ఆయనే.

సికింద్రాబాద్‌లో ఒక కాలేజీలో నేను మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఆయన ఎక్కడో ఆసుపత్రి ల్యాబులో రిటైరై మా దగ్గర టెక్నీషియన్‌గా చేరారు. ఆయనతో పనిచేసిన ఎవరినైనా అడిగి చూడండి, ముందు ఒక నిట్టూర్పు వినపడుతుంది. మేం గాజు సామాను కడిగి బోర్లిస్తే, ఆయన వచ్చి లోపల వేలితో రుద్ది మళ్లీ సింకులో పెట్టేవారు. ఏమీ అనేవారు కాదు. తిట్టినా బాగుండేది.

చేరిన వారంలోనే నన్ను వరండాలో మంచినీళ్ల కూలర్ దగ్గరికి పిలిచారు.

"ఆ నల్లా లోపల వేలు పెట్టు."

"ఛీ, సార్!"

"పెట్టు బిడ్డా, కరవది."

పెట్టాను. లోపలంతా జిగటగా, జారుడుగా తగిలింది.

"గదే. నీళ్లల్ల ఈదేటియి వస్తుంటయ్, పోతుంటయ్. గోడను పట్టుకున్నయే సంసారం పెడ్తయ్. నువ్వు చదవబోయేది వాటి గురించే. పో, చేయి కడుక్కో. సబ్బుతోని."

మీరూ రేపు పళ్లు తోముకోక ముందు నాలుకతో ఒకసారి తడిమి చూడండి. ఆ పొర అదే. బ్యాక్టీరియా ముందు ఊరికే గోడకు ఆనుకుంటుంది. తర్వాత సన్నటి పోగులతో గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత పక్కవాటితో కలిసి తన చుట్టూ జిగురు కట్టుకుంటుంది. ఆ జిగురులో కూర్చున్నాక మందులకు అంత తేలిగ్గా చావదు. ఆసుపత్రుల్లో రబ్బరు గొట్టాల మీద, పెట్టుడు కీళ్ల మీద ఇబ్బంది పెట్టేది ఇదే.

నా ప్రాజెక్టు దానికి విరుగుడు వెతకడం. పెప్టైడ్లని చిన్న ప్రొటీన్ ముక్కలుంటాయి. కప్ప చర్మంలో, మన చెమటలో, కన్నీళ్లలో కూడా ఉంటాయి. వాటిది ధనావేశం, బ్యాక్టీరియా పైపొరది రుణావేశం. అందుకే వెళ్లి అతుక్కుంటాయి, పొరలోకి దూరి చిల్లులు పెడతాయి, లోపలి సరుకు కారిపోయి అది చస్తుంది. ఈదే బ్యాక్టీరియా మీద మా పెప్టైడ్ ఇలా పనిచేస్తుందని తెలుసు. గోడకు అంటుకున్నవాటి మీద పనిచేస్తుందా అన్నదే ప్రశ్న.

అరచేతంత ప్లాస్టిక్ ప్లేటులో వరసగా చిన్న గుంటలుంటాయి. వాటిలో బ్యాక్టీరియాను పెంచి, కుడివైపు నాలుగు వరసల్లో పెప్టైడ్ పోసి, మర్నాడు కడిగి, ఊదారంగు వేయాలి. అంటుకుని మిగిలినవే రంగు పట్టుకుంటాయి. నా మొదటి ప్లేటులో ఎడమవైపంతా నేరేడుపండు రంగు. కుడివైపు దాదాపు తెలుపు! గైడ్ మేడం "వెరీ గుడ్, రాసెయ్" అన్నారు. నేను రాశాను. 'పెప్టైడ్ ధాటికి బ్యాక్టీరియా కోట కుప్పకూలింది' అన్న వాక్యం నాకెంత నచ్చిందంటే, బస్సులో చిలకలగూడ దాకా దాన్నే నెమరేసుకుంటూ వెళ్లాను.

మర్నాడు ల్యాబ్ సార్ ఆ కాగితం చదివారు.

"కోట యాడుందమ్మా?"

"అది వర్ణన సార్."

"కూలంగ చూసినవా?"

"సార్, ప్లేటు చూడండి, తెల్లగా లేదా?"

"తెల్లగుంది. ఎందుకు తెల్లగుందో నాకు తెల్వదు, నీకు సుత తెల్వదు. ఒక పని చెయ్. ఏ మందు పోయకుండ ఇంకో ప్లేటు పెట్టు. నీ పద్ధతిలనే కడుగు."

తల కొట్టుకుంటూ పెట్టాను. రంగు వేసి వెలుతురులో పెట్టి చూశాను. పెప్టైడ్ చుక్క కూడా లేని ఆ ప్లేటులోనూ కుడివైపు నాలుగు వరసలు వెలవెలబోయి ఉన్నాయి.

నేను ఎడమ నుంచి కుడికి ఒక్కో గుంటనే పిపెట్‌తో, అంటే నొక్కితే నీళ్లు వదిలే గొట్టంతో, కడిగేదాన్ని. మొదట్లో మెల్లగా పోస్తాను. చివరికొచ్చేసరికి, ఫలితం చూడాలన్న ఆత్రంతో బొటనవేలు గట్టిగా నొక్కుతాను. నీటిధాటికి పొర లేచిపోతుంది. కోటను కూల్చింది పెప్టైడ్ కాదు, నేను.

"మేడంకు మీరే చెప్పండి సార్."

"నేనెందుకు చెప్త? చేయి నీది."

రిపోర్టు ఇవ్వడానికి పదిహేను రోజులుంది. నోరు మూసుకుని ఊరుకుంటే మంచి మార్కులొచ్చేవి. ఆయన ఎవరికీ చెప్పరని నాకు తెలుసు. అదే మరీ మంట. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించనైనా లేదు, నా బల్ల మీద ఒక ప్లాస్టిక్ తొట్టి తెచ్చిపెట్టి వెళ్లారు. మూడో రోజు మేడంకు చెప్పాను. ఆవిడ నా కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, "రిపీట్ చెయ్, ఇంకేం చేస్తాం" అన్నారు.

ఆ తొట్టి ఎందుకో అప్పుడు తెలిసింది. ప్లేటును మొత్తంగా అందులో ముంచాలి. అన్ని గుంటలకూ ఒకే నీళ్లు, ఒకే విసురు. పెప్టైడ్ ఒక్కవైపే కాకుండా చీటీలు తీసి అక్కడొకటి ఇక్కడొకటిగా పోయాలి. ఏ గుంటలో ఏం పోశానో ఆ చీటీల మీద రాసి సొరుగులో పెట్టాలి, కడిగేటప్పుడు వాటిని నేను చూడకూడదు. ఇలా మూడు ప్లేట్లు కడగాలి. "మూడు ఎందుకు సార్, రెండు చాలవా?" అని నేనూ, "నీ తొందరకు నాలుగు పెట్టాలె, మూడుకు ఒప్పుకున్న" అని ఆయనా. రెండు అయ్యాయి. మూడోది సోమవారం.

మౌలాలిలో వాళ్లిల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. ఆయన్ను ముందుగదిలో పడుకోబెట్టారు. నేను ఒక మూల నిలబడ్డాను. ఆయన భార్య నన్నెప్పుడూ చూడలేదు, అయినా నా ల్యాబ్ కోటున్న సంచీ చూసి గుర్తుపట్టారు.

"ప్లేట్లు కడిగే పిల్లవు నువ్వేనా?"

తలూపాను.

"నిన్న అన్నం తినుకుంట నీ ముచ్చటే. ఆ పిల్ల ఆత్రం పిల్ల, పది కొట్టకముందే షురూ చేస్తది, నేను జెల్ది పోవాలె అన్నడు. కడిగినవా మరి?"

"లేదమ్మా. ఇటే వచ్చాను."

"ఈడ నిలబడి ఏం చేస్తవ్? తీస్కపోయేది మూడింటికి. కడిగి రాపో." కొంగుతో కళ్లు తుడుచుకుని, విసుగ్గా మళ్లీ అన్నారు, "పో బిడ్డా, ఆయనకు ఆలస్యమైతే మస్తు కోపం."

వెళ్లాను. ఆటోలో మొత్తం ఆయన్ను తిట్టుకుంటూ వెళ్లాను. ఇంకొక్క రోజు ఆగలేకపోయారా, నా చెయ్యి సరిగ్గా ఉందో లేదో ఎవరు చెప్తారు? పది కొట్టాక మొదలుపెట్టాను. ముంచాను, వంచాను, కాగితం మీద తట్టాను. బొటనవేలికి పనే లేదు. రంగు వేసి, మళ్లీ ముంచి, ఆరబెట్టాను. ఒంటిగంట దాటాక, చీటీలు సొరుగులోనే ఉంచి ప్లేటును కిటికీకెదురుగా పట్టుకున్నాను.

తెలుపెక్కడా లేదు. అన్నీ ఊదాగానే ఉన్నాయి, నా చెయ్యి ఏ పొరనూ లేపలేదు. చాలాసేపు కళ్లు చిట్లించి చూస్తే, అక్కడక్కడా కొన్ని గుంటల్లో రంగు ఒక పిసరు లేతగా ఉంది, ఉతికి ఉతికి కాస్త వెలిసిన చీరకొంగులా.