ఖాళీగా వదిలిన పేరు

మా ఎదురు ఫ్లాట్ మాణిక్యాంబ గారికి కోపం రాదు. నాకు వస్తుంది. అందుకే ఈ సంగతి నేను చెబుతున్నాను. ఆవిడని చెప్పమంటే శిష్యురాలు ఆమని చేసిన పని కూడా తన నెత్తినే వేసుకుంటుంది.

దుబాయ్ అల్ కుసైస్‌లో ఆ రెండు గదుల ఇంట్లోనే పదిహేనేళ్లుగా పిల్లలకు పాట చెబుతోంది. ఊరు కావలి. చిన్నప్పుడు ఒక సన్నాయి విద్వాంసుడి దగ్గర పన్నెండేళ్లు గాత్రం నేర్చుకుంది. ఆయన తన జన్మలో కట్టింది ఒకే ఒక్క వర్ణం, బిలహరి రాగంలో. ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. ఈవిడ నోటుబుక్కులో తప్ప అది ఇంకెక్కడా లేదు. చివరి రోజుల్లో ఆయనకు ఉబ్బసం. వర్ణం ముగింపులో ఒకచోట గాంధారం వదిలేసి ఊపిరి పీల్చుకునేవాడట. ఈవిడ దాన్నీ అలాగే రాసి పెట్టుకుంది, ఒక అక్షరం ఖాళీ.

"సరిచేసి రాయొచ్చుగా?" అన్నాను ఒకసారి.

"అది ఆయన ఊపిరి సీతా. గమ్మునుండు" అంది.

2020లో కరోనా వచ్చి అందరి తలుపులూ మూయించింది. క్లాసులు ఫోన్‌లోకి వచ్చిపడ్డాయి. నోటుబుక్కు ఫోటోలు పంపితే ఆ కోడిగీతలు ఒక్క పిల్లకీ అర్థం కాలేదు. ఉచితంగా స్వరాలు రాసుకునే సాధనం ఏదైనా ఉందేమోనని ఆవిడ నెట్‌లో వెతకడం మొదలుపెట్టింది. దొరికినవన్నీ ఐదు గీతల పాశ్చాత్య పద్ధతివి.

"కరెంటు తీగల మీద పిచ్చుకల్ని కూర్చోబెట్టినట్టుంది. ఇందులో నా గమకం ఎట్టా పెట్టేది?" అని తల పట్టుకుంది.

అప్పుడు ఆదుకుంది ఆమని. తల్లి లేని పిల్ల. ఎనిమిదేళ్లు ఆ ఇంట్లోనే తిని, ఆ ఇంట్లోనే పాడి పెద్దదైంది. జెబెల్ అలీలో ఆఫీసు ఉద్యోగం. తెలుగులో సరిగమలు కొడితే తాళం గీతలు వాటంతటవే పడే సైటు ఒకటి పట్టుకొచ్చింది. అంతా ఉచితం. అక్కడ పెట్టింది ఎవరైనా దించుకోవచ్చు. అకౌంటు కూడా తన ఈమెయిల్‌తో తనే తెరిచింది. మాణిక్యాంబ గారు మురిసిపోయింది. గురువుగారి వర్ణం ఇక ఎక్కడికీ పోదని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ వర్ణం సైటులో ఎక్కించిన రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"రచయిత పేరు అడుగుతోంది ఆంటీ" అంది ఆమని.

"మా గురువుగారు అని కొట్టమ్మా."

"అట్లా కాదాంటీ, పేరు కావాలి."

"గురువు పేరు నోటితో అనకూడదు తల్లీ. ఖాళీగా వదిలెయ్."

ఆమని వదిలేసింది. చేత్తోనైనా రాసివ్వమని నేను అడిగి ఉండాల్సింది. నాకూ తట్టలేదు.

తర్వాత ఆమని రావడం తగ్గింది. సొంతంగా ఆన్‌లైన్ క్లాసులు పెట్టిందని విన్నాం. "వృద్ధిలోకి రానీ" అని ఈవిడ దీవించింది కూడా. 2023లో దుబాయ్‌లో తెలుగువాళ్ల సంగీత సభకు ఆమనే పిలిచింది. ఈవిడ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

ఆమని శిష్యులు పన్నెండు మంది బిలహరి ఎత్తుకున్నారు. వెనక తెరమీద పెద్ద అక్షరాలు: వర్ణం, రచన: ఆమని. నేను చదివింది నేనే నమ్మలేకపోయాను. మాణిక్యాంబ గారు తెర వైపు చూడనే లేదు, కళ్లు మూసుకుని తాళం వేస్తోంది. ముగింపులో ఆ గాంధారం దగ్గర పన్నెండు గొంతులూ ఒక్కసారి ఆగాయి. తొడమీద ఆవిడ చెయ్యీ ఆగిపోయింది. అప్పుడు కళ్లు తెరిచి తెర చూసింది.

సభ అయ్యాక ఇద్దరం పక్క గదిలో ఆమనిని కలిశాం, నేనే అడిగేశాను. "సిగ్గుగా లేదా నీకు?"

"అక్కడ ఎవరి పేరూ లేదు కదా ఆంటీ" అంది ఆమని, నా వైపు చూడకుండా. "రచయిత ఎవరని పేరెంట్స్ అడుగుతారు. టైప్ చేసింది నేను, అకౌంట్ నాది. ఫ్రీగా పెట్టమన్నది మీరే. ఇప్పుడు ఖలాస్, అందరూ దించుకున్నారు."

ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎత్తుకుపోయి ఉంటే నాకింత మండేది కాదు. ఆ ఇంటి అన్నం తిన్న పిల్ల, ఆ పేరు ఎందుకు ఖాళీగా ఉందో తెలిసిన పిల్ల!

మాణిక్యాంబ గారు నన్ను పక్కకు జరిపి ముందుకొచ్చింది.

"షేక్ సనావుల్లా గారు" అంది. "మా గురువుగారి పేరు షేక్ సనావుల్లా గారు. రాసుకో."

అని, గబగబా రెండు చెంపలూ వాయించుకుంది. నలభై ఏళ్లలో ఆ పేరు ఆవిడ నోట రావడం అదే మొదటిసారి.

ఆమని రాసుకోలేదు. మేం సైటువాళ్లకు మూడుసార్లు ఉత్తరం పెట్టాం. అకౌంటు ఎవరిదో వాళ్లే మార్చాలని జవాబు వచ్చింది. నోటుబుక్కు ఫోటోలు పంపినా అదే జవాబు.

ఇప్పుడు ఎదురింట్లో క్లాసు మొదలయ్యేముందు పిల్లలందరి చేతా ఆ పేరు చెప్పిస్తోంది. వాళ్లు చెప్పిన ప్రతిసారీ తను చెంపలు వేసుకుంటుంది. కొత్త పిల్లలు నవ్వుతారు, తర్వాత అలవాటు పడతారు. అటు ఆమని పిల్లలు కూడా ఆ గాంధారం దగ్గర ఠంచనుగా ఆగుతూనే ఉన్నారట. అక్కడ ఊపిరి అందక ఆగిందెవరో వాళ్లకి ఎవరూ చెప్పరు.