నాన్న సీలు వేసిన పురుగుమందు సీసా

మా నాన్న గూడ్స్ గార్డుగా రిటైరైన మనిషి. లింగియాడీహ్‌లో మా ఇంటి వెనక వంగ మొక్కలు వేశారు. సదర్ బజార్లో కొన్న పురుగుమందు మూడుసార్లు కొట్టినా పురుగు చావలేదు. అది నకిలీదని ఆయన అనుమానం. ఈ రోజు పొద్దున్నే మిగిలిన మందు సీసాకు దారం చుట్టి, లక్క కరిగించి సీలు వేసి, నన్ను వెంటబెట్టుకుని వ్యవసాయ శాఖ ఆఫీసుకు వెళ్ళారు.

అక్కడి ఇన్‌స్పెక్టరు చిన్నమ్మాయి. ఆ సీలు చూసి నవ్వబోయి ఆపుకుంది. "అంకుల్‌జీ, వాడిన సీసా చెల్లదు. షాపులో ఉన్న విప్పని సీసాలే నేను శాంపిల్ తీసుకోవాలి. పరీక్ష చేసేది ల్యాబు, లైసెన్సు సంగతి చూసేది వేరే ఆఫీసరు," అంది హిందీలో.

నాకు ఒళ్ళు మండింది. నాన్న మాత్రం నావైపు తిరిగి, "తప్పేటమ్మా? వేగనుకి సీలేసీది ఒకడు, ఇప్పీది ఇంకొకడు. బండంతా ఒక్కడి చేతిలో ఎట్టేస్తారేటి?" అన్నారు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి మాతో పాటు ఆ షాపుకు వచ్చి, అదే మందు విప్పని సీసాలు తీసి మూడు ప్యాకెట్లు కట్టింది. ఒకటి షాపతనికి, ఒకటి ల్యాబుకు, ఒకటి కోర్టుకు. లక్క కరిగించబోతే ఫ్యాను గాలికి అగ్గిపుల్ల ఆరిపోతోంది. నాన్నే లేచి ఫ్యాను ఆపారు. సాక్షి సంతకం పెట్టమంటే పెట్టి, కింద 'గార్డు' అని రాసి, పక్కన టైము కూడా వేశారు, 15.42 అని. ఆ అమ్మాయి కాగితం జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుంది.

రిపోర్టు వచ్చేదాకా పురుగులు మా వంకాయల్లో హాయిగా ఉంటాయి. మీ ఇంట్లోనూ ఇలా డ్యూటీ దిగని వాళ్ళున్నారా?