తాతయ్య వీడియోకి కంప్యూటర్ తగిలించిన కథ

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియనిది ఏదీ లేదనుకునేవాణ్ణి. డిగ్రీ అయ్యి, ఉద్యోగం రాక, నెల్లూరు జిల్లా కోటలో ఇంటిపట్టున ఉన్న ఆ రోజుల్లో ఒక పాత కంప్యూటర్‌కి పెద్ద హార్డ్ డిస్క్ తగిలించి, మా ఇంటి వీడియోలన్నీ అందులో వేసి, హాల్లో టీవీకి కలిపాను. దీన్ని మీడియా సర్వర్ అంటారని చెబితే, మా పెదనాన్న (రొయ్యల గుంటల మనిషి, మాటలు తక్కువ) "దానికి మేతేం వెయ్యాలబ్బయా?" అని అడిగాడు. అందులోని సాఫ్ట్‌వేర్‌కి ఒక చాదస్తం ఉండేది. ఏ వీడియో కనబడినా అది సినిమాయే అనుకుని, ఫైలు పేరును బట్టి ఇంటర్నెట్‌లో వెతికి, ఏదో ఒక పోస్టరునూ కథనూ తెచ్చి దానికి అంటించేది. చిన్నాన్న కాలవలో బాప్తిస్మం తీసుకున్న వీడియోకి సొరచేప పోస్టరు వచ్చింది. అక్క పెళ్లికి దెయ్యం సినిమా కథ వచ్చింది (బావ దాన్ని మార్చొద్దని బతిమాలాడు). అందరూ నవ్వారు. నేనూ నవ్వి, తీరిగ్గా సరిచేద్దాంలే అని వదిలేశాను.

ఆ ఏడే తాతయ్యకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. నెల్లూరు ఆసుపత్రిలో మూడు వారాలున్నాక, గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టాలని డాక్టర్లు చెప్పిన రోజున పెదనాన్న సంతకం పెట్టి ఆయన్ని ఇంటికి తెచ్చేశాడు. ఎందుకని ఎవరడిగినా "తెచ్చేసినా" అనేవాడే తప్ప ఇంకో మాట లేదు. తాతయ్య ఇంట్లో పదకొండు రోజులు బతికాడు. మా అత్త, అంటే ఆయన ఒక్కగానొక్క కూతురు, కావలిలో ఇంగ్లీషు టీచరు. ఆ పదకొండు రోజుల్లో ఒక్కసారే వచ్చి, తండ్రి కాళ్లు పట్టుకుని ఏడ్చి, అన్నతో మాట్లాడకుండా వెళ్లిపోయింది. సమాధి దగ్గర కూడా ఇద్దరూ చెరో పక్కన నిలబడ్డారు. "మిషన్ పెట్టించుంటే బతికేవాడు. చేతులారా చంపినాడు" అని అత్త చుట్టాలతో అంటోందని మాకు తెలుసు. పెదనాన్నకూ తెలుసు. మధ్యవాడైన మా నాన్న ఎవరేం చెప్పినా తల ఊపేవాడు. నేను ఆ పదకొండు రోజులూ ఫోన్‌తో తాతయ్యను వీడియో తీశాను (ఏడవడానికి సిగ్గుపడేవాడికి చేతిలో కెమెరా ఉండటం ఎంత సదుపాయమో అప్పుడే తెలిసింది).

ఆయన పోయిన నెలకు, ఆయన్ని తలుచుకుని ప్రార్థన చేసుకోవడానికి ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారి ప్రార్థన, మధ్యాహ్నం భోజనాలు అయ్యాక, తాతయ్య వీడియో చూపిస్తానని నేనే ప్రకటించాను. చుట్టాలంతా చాపల మీద సర్దుకున్నారు. ముందు నాయనమ్మ, ఆమె పక్కన అత్త. పెదనాన్న గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆ ఉదయమే ఫైలుకు చివరి రోజులు అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఒక పేరు పెట్టి సర్వర్లో వేశాను. టీవీలో ఎలా కనబడుతుందో ఒకసారి చూసుకోవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

రిమోట్ నొక్కాను. తాతయ్య రాలేదు. ఎవరో దొరగారు సిరంజి పట్టుకుని నిలబడ్డ పోస్టరు, దాని పక్కన నాలుగు వరసల ఇంగ్లీషు వచ్చాయి. మా అత్తకు ముప్పై ఏళ్ల అలవాటొకటి ఉంది. కంటబడిన ఇంగ్లీషును పైకి చదివి, వెంటనే తెలుగులో అర్థం చెప్పాలి. బిస్కెట్ ప్యాకెట్ మీద రాతనైనా వదలదు. ఆ రోజూ నోరు దానంతటదే తెరుచుకుంది. ఇంగ్లీషు చదివేసి, "జబ్బుపడిన తండ్రిని పెద్దకొడుకు ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకుపోయి, ఎవరికీ అనుమానం రాకుండా..." అని ఆగిపోయింది.

"అత్తా, వీడియో అదే, కథే వేరేది" అంటూ నేను చేతికందిన బటన్లన్నీ నొక్కాను. అక్షరాలు ఇంకా పెద్దవై తెరంతా పరుచుకున్నాయి.

నాయనమ్మకు చెవుడు. "ఏందమ్మే? ఏమని ఉండాది టీవీలో?" అంది. అత్త తల దించేసుకుంది. "ఏమని ఉండాదో చెప్పరేందిరా నాకు?" అని ఆమె మళ్లీ అడిగింది. అప్పుడు పెదనాన్న చాపల మధ్య నుంచి నడిచి వచ్చి, తల్లి పక్కన గొంతుక్కూర్చుని, గుంటల మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కేకేసే గొంతుతో ఆమె చెవిలో చెప్పాడు.

"పెద్దకొడుకు నాయన్ని ఆసుపత్రి నుంచి తీసకొచ్చి చంపినాడని ఉండాది మా!"

నాయనమ్మ టీవీ వైపు చిరాగ్గా చూసింది.

"ఎవురు రాసినారది? తీసకరమ్మనింది నేను గదా!"

అత్త తలెత్తింది. చుట్టాల గుసగుసలేవీ నాయనమ్మ చెవుల దాకా పోలేదు. కొడుకు మోస్తున్న నింద ఏమిటో ఆమెకు తెలిసింది ఆ క్షణంలోనే. "గొట్టం వద్దన్నాడమ్మే మీ నాయన. నా చెయ్యి పట్టుకొని, ఇంటికి పోదాం అన్నాడు. నీకు తెలిస్తే పోట్లాడి ఆపేస్తావని, నీకు చెప్పొద్దని వీడి దగ్గర మాట తీసుకున్నా."

"నాకెందుకు చెప్పలేదన్నా?" అంది అత్త. నెల పైన అయ్యాక ఆమె అన్నతో మాట్లాడిన మొదటి మాట అది.

"అమ్మ చెప్పొద్దనింది."

"నేను అన్నేసి మాటలంటా ఉన్నా కూడానా?"

"నన్నంటే అన్నావులే. తెలిస్తే అమ్మనంటావని..."

పాస్టరుగారు నా చేతిలోంచి రిమోట్ తీసుకుని, మధ్యలో ఉన్న పెద్ద బటన్ నొక్కారు (నేను నొక్కనిది అదొక్కటే). వరండాలో మంచం మీద తాతయ్య ప్రత్యక్షమై, చేపల పులుసు వేలితో నాకి, "ఉప్పెయ్యడం ఎవురు మర్చిపోయినారు?" అన్నాడు. అందరూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే అత్త ఏడుపు మొదలైంది.

తర్వాత అంతా చక్కబడిందని చెప్పను. అన్నాచెల్లెళ్లకు మాటలు కలిశాయి. అత్త మాత్రం తండ్రి దగ్గర గడపాల్సిన పది రోజులు పోగొట్టుకుంది, వీడియో ఎన్నిసార్లు చూసినా అవి తిరిగొచ్చేవి కావు. వారం తర్వాత నేను పోస్టరు తీసేసి, కథ ఉన్నచోట ఏం రాయమంటావని అత్తకు ఫోన్ చేసి అడిగితే, "ఏమీ రాయొద్దులేరా" అంది.

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆ మధ్యాహ్నం తలుచుకుంటే నాకు వాళ్లందరికంటే ముందు నేనే కనబడతాను. ఇల్లంతా ఏడుస్తుంటే, చాపల మధ్య ఒక్కొక్కరి దగ్గరకూ వంగి, "నా తప్పేం లేదు, ఫైలు పేరు చూసి సాఫ్ట్‌వేర్ పొరబడింది" అని వివరిస్తూ తిరుగుతున్నాను. నాయనమ్మ చెవిలో కూడా చెప్పాను. ఆమె తలూపి, చాప మీద పక్కకు జరిగి, "కూచో నాయనా, మీ తాతను చూడు" అంది.

నేను కూర్చోలేదు. పాస్టరుగారికి ఇంకా చెప్పలేదు మరి.